ఆంజనేయులు పిలవని పేరు

ఆంజనేయులు తన కొడుకును ఇరవై ఒక్క ఏళ్లలో ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. పేరు లేక కాదు. బడి రిజిస్టరులో, ఆధార్ కార్డులో ఆ పిల్లవాడి పేరు ఉరుకుందప్ప అని నిక్షేపంగా ఉంది. కానీ అది ఆంజనేయులు కన్నతండ్రి పేరు కూడా. తండ్రి పేరు నోటితో పలకడం మా దిక్కున మర్యాద కాదు. కొత్తవాళ్లెవరైనా "మీ నాయన పేరేమి?" అని అడిగితే పక్కనున్నవాడి వైపు చూస్తాం, వాడు చెబుతాడు. తాత పేరు మనవడికి పెట్టుకోవడమూ మా ఆచారమే, ఆ పేరుతో వాణ్ణి పిలవకపోవడమూ మా ఆచారమే. 

నా పేరు పౌలు. ఇరవై ఎనిమిదేళ్లు ఆదోని–ఎమ్మిగనూరు బస్సులో టికెట్లు కొట్టి రిటైరైనవాణ్ణి. మా ఊరికి రోడ్డు మీద దిగి రెండు కిలోమీటర్లు లోపలికి నడవాలి. ఆంజనేయులు ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ. వాళ్లు ఉరుకుంద ఈరన్నను నమ్ముకున్నారు, మేము మా నాయన కాలంలోనే యేసయ్యను నమ్ముకున్నాం. దేవుళ్లు మారినా వరసలు మారలేదు కాబట్టి వాడు నాకు తమ్ముడు. నాకు నోటి దురుసు ఎక్కువ. ఫుట్‌బోర్డు మీద వేలాడే కాలేజీ పిల్లలను చెవులు పట్టి లోపలికి లాగిన చెయ్యి ఇది. ఇంట్లో నా కొడుకు జోయల్ మీద కూడా అదే చెయ్యి, అదే నోరు. ఇప్పుడు వాడు బళ్లారిలో ఉద్యోగం చేస్తూ నాలుగు నెలలకొకసారి వస్తాడు, వచ్చినా వాళ్లమ్మతోనే మాట్లాడతాడు. ఇది నా కథ కాదు గనుక అక్కడికి వదిలేస్తాను.

ఆంజనేయులు నాకు పూర్తిగా విరుద్ధం. గట్టిగా తుమ్మడానికి కూడా మొహమాటపడే మనిషి. ఆదోనిలో పత్తి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లులో పని. పత్తి సీజను మొదలైందంటే పొద్దున పోయి పొద్దుగూకి వచ్చేవాడు. వచ్చేటప్పటికి కనుబొమ్మల మీద, మీసం మీద, చెవుల్లోని వెంట్రుకల మీద దూది పట్టుకొని ఉండేది. "ముసలోడు వచ్చినాడే" అని నేను గోడ మీంచి వెక్కిరించేవాణ్ణి. నవ్వి ఊరుకునేవాడు. ఆ దగ్గు మాత్రం రాత్రంతా నాకు వినబడుతూనే ఉండేది.

అసలు ముసలాయన వేరే ఉన్నాడు, వాళ్ల నాయన. నాకు చిన్నాయన వరస. నలభై ఏళ్లు ఒక రెడ్డి ఇంట్లో జీతానికి ఉండి, ఎద్దులతోటే బతికాడు. చేతిలో చెర్నాకోల ఉండేది. ఎద్దును ఒకటి కొట్టేచోట కొడుకును రెండు కొట్టేవాడు. మొదటినుంచీ అంత మొరటు కాదు. ఆంజనేయులుకు నాగన్న అని ఒక అన్న ఉండేవాడు. పద్దెనిమిదేళ్లప్పుడు బావి పూడిక తీస్తుంటే ఒడ్డు విరిగి మీద పడి పోయాడు. అప్పటికి ఆంజనేయులుకు తొమ్మిదేళ్లు. ఆ తర్వాత ముసలాయన మిగిలిన ఒక్క కొడుకును "రేయ్" అని తప్ప ఇంకో మాటతో పిలవగా నేను వినలేదు. అన్నం తిన్నావా అని అడగగా కూడా వినలేదు.

అందుకే మగపిల్లవాడు పుట్టినప్పుడు ఆంజనేయులు ఆ పేరు వద్దనుకున్నాడు. వీరేష్ అని పెట్టుకుందామని భార్య తిప్పమ్మతో గుసగుసలాడుకున్నాడు. ఆ గుసగుస ముసలమ్మ, అంటే ఆంజనేయులు తల్లి, చెవిన పడింది. "నా మొగుని పేరు ఈ ఇంట్ల నిలబడకపోతే నేను నీళ్లు గూడ ముట్టను" అని గడపలో కూర్చుంది. రెండు రోజులు ముట్టలేదు కూడా. మూడో రోజు పిల్లవాడు ఉరుకుందప్ప అయ్యాడు.

అయ్యాడే గాని, ఆ పేరు ఇంట్లో పలికే నోరు ఒక్కటీ లేదు. తిప్పమ్మకు మామ పేరు, కాబట్టి "సిన్నోడా" అనేది. ముసలమ్మకు మొగుని పేరు, తాను పోయేదాకా ఆమె కూడా "సిన్నోడా" అనే అనేది. అక్క భారతి "తమ్ముడా" అనేది. ముసలాయన తన పేరు తానెట్లా పిలుస్తాడు, "మనవడా" అనేవాడు. ఆంజనేయులు మాత్రం "అప్పా" అని, అంటే నాయనా అని, పిలిచేవాడు. తండ్రి పేరు మోసేవాడు తండ్రితో సమానం గదా.

ఆ పిల్లవాడు మాటలు నేర్చినప్పటినుంచీ ఆ హోదా బాగా వాడుకున్నాడు. నాలుగేళ్లవాడు మిల్లు నుంచి వచ్చిన తండ్రి ముందు నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడి, "ఏమిరా ఆంజినేయా, అన్నం తిన్యావా ల్యా?" అని గద్దించేవాడు. "ఇంగా ల్యాదప్పా" అని ఆంజనేయులు చేతులు కట్టుకొని చెప్పేవాడు. "తిను పో, సిక్కిపోయినావు" అనేవాడు వాడు. పేటంతా పగలబడి నవ్వేది. నేనూ నవ్వాను. ఒకరోజు గోడ మీంచి చూస్తుంటే, పిల్లవాడు ఆ మాట అని వీధిలోకి పరుగెత్తాక, ఆంజనేయులు అక్కడే నిలబడి భుజం మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటున్నాడు. అప్పటినుంచి నాకు ఆ ఆటలో నవ్వు రాలేదు. పుట్టి ముప్పై ఏళ్లయ్యాక వాడికి ఒక తండ్రి దొరికాడని నాకు అర్థమైంది.

తండ్రిని ఎవరైనా కొడతారా? తిడతారా? అడిగింది లేదంటారా? ఆంజనేయులు ఆ పిల్లవాడి మీద చెయ్యి ఎత్తలేదు. బడి ఎగ్గొట్టినా, సినిమాకు పోయినా "ఏమప్పా ఇట్ల సేస్తివి" అని మెల్లగా అనేవాడు, అంతే. ముద్దు ముదిరిందని పేట అన్నది. నేను అందరికంటే ఎక్కువ అన్నాను. అయినా పిల్లవాడు చెడిపోలేదు. ఐటీఐ పూర్తి చేసి ఎమ్మిగనూరులో సెల్‌ఫోన్లు బాగుచేసే అంగట్లో పనికి కుదిరాడు. నా ఫోను వాడే బాగుచేసి ఇచ్చేవాడు. "పెదనాయనా, ఇది ఫోను గాదు, పాత సామాను" అని ఎగతాళి చేసేవాడు.

పనికి పోయిరావడానికి బండి కావాలన్నాడు. రోడ్డు దాకా నడక, ఆ తర్వాత బస్సు కోసం ఎదురుచూపు. నేను వద్దన్నాను. ఆ రోడ్డు మీద నేను చూసినన్ని చావులు మా ఊళ్లో ఎవరూ చూసుండరు. "రేయ్, సలికాలంలో ఆ రోడ్డు మింద పత్తి ట్రాలీలు యాడ బడితే ఆడ నిలబెడతారు, లైట్లు గూడ ఉండవు. ఇంగో ఏడాది బస్సులో పోనీ" అన్నాను. ఆంజనేయులు తల గోక్కున్నాడు. "అప్ప అడిగినాడు పౌలన్నా. ల్యాదని ఎట్ల సెప్పల్ల?" అన్నాడు. పాత బండే, కానీ దసరాకి దండ వేసి ఇంటి ముందు నిలబెట్టారు.

మొన్న సంక్రాంతి దాటిన ఎనిమిదో రోజు పొద్దుగూకేవేళ, ఇరుసు విరిగి రోడ్డు మీద ఆగిపోయిన పత్తి ట్రాలీని వాడు వెనకనుంచి గుద్దుకున్నాడు. ఆసుపత్రికి పోయేదాకా కూడా ప్రాణం నిలవలేదు.

మరునాడు మధ్యాహ్నానికి, ఆదోనిలో పోస్టుమార్టం అయ్యాక, శవాన్ని తెచ్చుకున్నాం. తిప్పమ్మ గుండెలు బాదుకుంది. హాలహర్వి నుంచి భారతి చంకలో బిడ్డతో వచ్చి వాకిట్లోనే పడిపోయింది. ఆంజనేయులు ఏడవలేదు. మిల్లులో పత్తి బేళ్లు చూసే చూపుతో చూస్తూ, చెప్పిన పని చేశాడు. నీళ్లు పొయ్యమంటే పోశాడు, బట్ట కప్పమంటే కప్పాడు. ముసలాయన లోపల మంచం మీద గోడ వైపు తిరిగి పడుకొని ఉన్నాడు. తాతలు మనవళ్ల పాడె వెంట రాకూడదని మా దిక్కు మాట, కాబట్టి ఎవరూ ఆయన్ను లేపలేదు.

ఊరు దాటి, కాలువ గట్టు దగ్గర పాడె దించారు. దింపుడు కల్లం అక్కడే. దాని గురించి తెలియని తెలుగువాడు ఉండడు గాని, కళ్లారా చూసినవాళ్లు ఇప్పుడు తక్కువ. శ్మశానానికి సగం దారిలో పాడెను నేల మీద పెట్టి, అయినవాడు చెవి దగ్గర మూడుసార్లు పిలుస్తాడు. ప్రాణం ఎక్కడైనా మిణుకుమంటూ ఉంటే పిలుపు విని లేస్తుందని ఆశ. మాకు ఆ ఆచారం లేదు. మేం పునరుత్థానం కోసం కడవరి దినం దాకా ఆగుతాం, వీళ్లు దారి మధ్యలోనే అడిగేస్తారు అని నేను ఎన్నోసార్లు జోకులు వేశాను. ఆ రోజు పాడె ఎడమ కొమ్ము నా భుజం మీదే ఉంది. దించి, తల వైపు నిలబడ్డాను.

కర్మ జరిపించే పెద్దమనిషి బసవన్న. "పిలువప్పా ఆంజినేయా" అన్నాడు.

ఆంజనేయులు మోకాళ్ల మీద కూర్చొని వంగాడు. "అప్పా" అన్నాడు.

"అట్ల గాదు" అన్నాడు బసవన్న. "పెద్దోళ్లనయితే అప్పా, అమ్మా అంటే సాలు. సిన్నోళ్లని పేరు పెట్టి పిలువల్ల. అప్పుడే వానికి తెలిసేది, నన్నే పిలుస్తాండారని."

డప్పులు ఆగిపోయాయి. ఆంజనేయులు నోరు తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచాడు. గొంతులోంచి గాలి వస్తోంది గాని మాట రావడం లేదు. బతికున్న తండ్రి పేరు అది. చిన్నప్పటినుంచీ భయంతో మింగేసిన పేరు. దాన్ని శవం చెవిలో పలకాలి.  "పిలువప్పా, పొద్దు పోతాంది" అని ఎవరో అన్నారు. నాకు వాణ్ణి పట్టుకొని ఊపేయాలనిపించింది. ఒక్క మాటరా నాయనా, ఒక్క పేరు. నేనే పిలుద్దామా అని కూడా అనిపించింది గాని, అది నా హక్కు కాదు.

వెనకనుంచి జనం పక్కకు జరిగారు. చూస్తే ముసలాయన. చేతిలో కట్టె ఉంది గాని కాళ్లకు చెప్పులు లేవు. ఎనభై ఏళ్ల మనిషి ఇంటి నుంచి కాలువ దాకా ఒక్కడే నడిచి వచ్చాడు.

"జరుగు" అన్నాడు కొడుకుతో.

ఆంజనేయులు కదల్లేదు. ముసలాయన వాడి భుజం పట్టి పక్కకు నెట్టి, కట్టె కింద పెట్టి, నేల మీద కూలబడి, మనవడి చెవికి నోరు ఆనించాడు.

"ఉరుకుందప్పా... లేయప్పా."

 ఆయన పిలుస్తున్నది తన పేరే. సొంత పేరు శవం చెవిలో చెబితే చావును పిలుచుకున్నట్టే అని వెనక ఎవరో గొణిగారు. ఆయనకు అది వినబడింది, వినబడనట్టే రెండోసారి పిలిచాడు. మూడోసారి అరిచాడు. కాలువ అవతల చేలో పనిచేసుకునేవాళ్లు నడుములెత్తి చూశారు.

పిల్లవాడు లేవలేదు. ముసలాయన కట్టె తీసుకొని లేచి, "ఎత్తండి" అన్నాడు. పాడె ఎత్తుతూ ఆంజనేయులు ముఖం చూశాను. వాడు తండ్రిని చూస్తున్న చూపులో దుఃఖం లేదు. అంత ద్వేషం ఆ మెత్తటి మనిషిలో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

పదకొండో దినం అయిపోయింది. చుట్టాలు పోయారు. ఆంజనేయులు మిల్లుకు పోవడం మానేశాడు. పొద్దున లేచి కాలువ గట్టుకు పోయి, పాడె దించిన చోట కూర్చునేవాడు. పొద్దుగూకితే వచ్చేవాడు. తండ్రితో మాట లేదు. ముసలాయన మంచం ఉన్న గదిలోకి అడుగు పెట్టలేదు. చెంబు తీసుకోవాలన్నా బయట నిలబడి తిప్పమ్మను అడిగేవాడు.

ఒకరోజు నేను అన్నం గిన్నె తీసుకొని గట్టు దగ్గరికి పోయాను. గిన్నె ముట్టకుండా నీళ్ల వైపే చూస్తూ మాట్లాడాడు.

"ఇంగో గడియ ఆగింటే నేను పిలిసేవాణ్ణి పౌలన్నా. నాలుక కొసకి వచ్చిండె పేరు. ఆయప్ప నడుమ దూరినాడు. వాడు నా గొంతు కోసరం సూస్తాండె. నా గొంతు ఇనింటే లేస్తాండె."

"రేయ్, నీకు తిక్కగాని పట్టిందా? డాక్టరు కోసి కుట్టిన శవంరా అది. నువ్వు పిలిస్తే లేయడానికి..."

అంతవరకే అన్నాను. వాడు నా వైపు తిరిగి చూశాడు. ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. శవాన్ని మోసింది నేను, కుట్లు చూసింది నేను, కానీ కొడుకు వాడి కొడుకు. వాడికి కావలసింది డాక్టరు మాట కాదు. కొడుకు అడిగినప్పుడు బండి వద్దనలేకపోయాడు, చచ్చినప్పుడు పేరు పిలవలేకపోయాడు. తండ్రిగా రెండుసార్లు నోరు రాలేదని వాడి బాధ. ఆ బాధకు నా దగ్గర మందు లేదు, మా పాస్టరుగారి దగ్గరా లేదు. ప్రార్థన చేసి వచ్చేశారాయన.

వారం తర్వాత తిప్పమ్మ గోడ దగ్గరికి వచ్చింది. ఆమె గొంతులో ఏడుపు కూడా అయిపోయింది.

"అన్నా, ఆయప్ప రోజూ నీళ్లల్లకే సూస్తాండాడంట. నిన్న గట్టు దిగి మోకాళ్లలోతు దాకా పోయిండెనంట, గొర్లు కాసేటోళ్లు పిలుసుకొచ్చినారు. ఈడ సూస్తే మామ ముద్ద మింగడంల్యా. ఇద్దురు మొగోళ్లు ఒగరి మొగం ఒగరు సూడరు. నేను నా బిడ్డకి ఏడ్సల్లనా, వీళ్లకి ఏడ్సల్లనా?"

 కాలువలో ఆ నెల నీళ్లు నిండుగా ఉన్నాయి. ఆ రోజునుంచి నేను కూడా పనీపాటా లేని రిటైర్డు మనిషిలా గట్టు మీద తిరగడం మొదలుపెట్టాను. నిజానికి కాపలా.

సొంత పేరు పిలుచుకున్నాడు గనుక ముసలాయనకు పైనుంచి పిలుపు వచ్చిందని పేటలో అన్నారు. నేను అట్లా అనుకోను. తినని మనిషి చస్తాడు, దానికి పైవాడు పిలవక్కర్లేదు. నెల తిరిగేసరికి ఆయన మంచానికి అతుక్కుపోయాడు. ఒక మధ్యాహ్నం నన్ను పిలిపించుకున్నాడు.

"పౌలూ, వాన్ని పిల్చుకరా."

"నా మాట ఇంటాడా సిన్నాయనా?"

"నేను పిలిస్తే రాడు. నువ్వు కొట్టయినా పిల్చుకరా."

కొట్టలేదు గాని, నాకు వచ్చిన తిట్లన్నీ తిట్టి, రెక్క పట్టి లాక్కొచ్చాను. "ఆయప్ప పోయినాక నువ్వు ఇంగొక సారి ఇట్లనే కూసోని ఏడ్సల్ల, ఇప్పుడే రా" అన్నాను. ఆంజనేయులు గది గడప దాకా వచ్చి ఆగాడు. తిప్పమ్మ పొయ్యి దగ్గర చేతులు తుడుచుకొని నిలబడింది. నేను బయటికి పోబోతే ముసలాయన "ఉండు, నువ్వూ ఇను" అన్నాడు.

"నా మింద కోపమా?" అని కొడుకును అడిగాడు.

 ఆంజనేయులు పుట్టినప్పటినుంచీ తండ్రి ముందు ఎత్తని గొంతు ఎత్తాడు.

"నీకు ఎవరు సెప్పిరి పిల్చమని? వాడు నా కొడుకు. నేను పిల్చల్ల."

"నువ్వు పిలిసింటే లేస్తాండెనా?"

"లేస్తాండె."

ముసలాయన కాదనలేదు. ఆయాసం తీర్చుకొని, పైకప్పు చూస్తూ మాట్లాడాడు.

"నాగన్నని నేను పిలిసినా. నువ్వప్పుడు సిన్నోనివి, మీయమ్మ కాడ ఇంట్ల ఉంటివి. నీకు తెల్దు. అదే కాలువ కాడ దించిరి. మూడుసార్లు పిలిసినా. వాడు లేయల్యా. ఆ పొద్దునుంచి అదే యోచన. సరిగ్గ పిలిసినానా, గట్టిగ పిలిసినానా, తొందరపడి పిలిసినానా, ఇంగోసారి పిలిసింటే పలుకుతాండెనా అని. నలభై ఏండ్లురా. ఎద్దులెనక పోతాన్నా అదే, అన్నం కాడ కూసున్నా అదే. కొడుకుని లేపుకోలేని నోరు గదా ఇది అని. అందుకే నిన్ను పేరు పెట్టి పిల్చబుద్ధి గాల్యా. పిలిస్తే పలకని పేరు ఒగటి సాలు అనుకున్న్యా."

 తిప్పమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"మంచం మింద పండుకోని డప్పులు ఇంటాంటి" అన్నాడు ముసలాయన. "నువ్వు పోయి పిలుస్తావు, వాడు లేయడు, ఇంగ నువ్వు గూడ నా మాదిరే అయితావు అనిపించ్య. ఆ లేయనిది నీ మెడకి సుట్టుకుంటాది. అందుకని వచ్చినా. నేను పిలిసినా, వాడు లేయల్యా. పేరు నాది, నోరు నాది. తప్పు నాది. ఎవరన్నా అడిగితే ముసలోడు నడుమ దూరి సెడగొట్టినాడని సెప్పు. నన్ను తిట్టుకో. బతికినన్ని దినాలు తిట్టుకో. కాలువ కాడికి మాత్రం పోవద్దు."

అంత పొడుగు మాట ఆయన నోట్లోంచి రావడం నేను ఎన్నడూ వినలేదు. నా అరవై మూడేళ్లలో తండ్రి అంటే తిండి పెట్టేవాడు, దెబ్బ వేసేవాడు అనే అనుకున్నాను. కొడుకు నెత్తిన పడబోయే దాన్ని తన నెత్తిన వేసుకోవడానికి, కొడుకు చేత జన్మంతా తిట్టించుకోవడానికి సిద్ధపడి, చెప్పుల్లేకుండా నడిచి వచ్చేవాడు కూడా తండ్రేనని నాకు తెలియలేదు. ఆ మాట నలభై ఏళ్ల ముందే ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆంజనేయులు బతుకు వేరుగా ఉండేది. ముసలాయన మీద నాకు ఆ కోపం ఇప్పటికీ ఉంది. ప్రేమను అంతకాలం కడుపులో దాచుకొని ఎవరికి లాభం?

 ఆంజనేయులు గడపలోనే కూర్చుండిపోయాడు. పొద్దుగూకేదాకా అట్లాగే కూర్చున్నాడు. దీపాల వేళకు తిప్పమ్మ గంజి తెస్తే, గిన్నె ఆమె చేతిలోంచి తీసుకొని లోపలికి పోయి, తండ్రి తల కింద చెయ్యి పెట్టి లేపి, కొంచెం కొంచెంగా తాగించాడు. ముసలాయన నాలుగు గుక్కలు తాగి చాలన్నాడు.  మరునాడు ఆంజనేయులు కాలువ దగ్గరికి పోలేదు. ఆ తర్వాత రోజు కూడా తండ్రి మంచం దగ్గరే ఉన్నాడు. మూడో రోజు రాత్రి నేను బళ్లారికి ఫోన్ చేసి, ఏమీ తోచక, "అన్నం తిన్నావా?" అని జోయల్‌ను అడిగాను.  "ఏమయింది నాయనా, నీకు బాగుందా?" అని వాడు కంగారుపడ్డాడు.

నాలుగో రోజు తెల్లవారుజామున ముసలాయన పోయాడు. మనవడు పోయి నలభై రోజులు కూడా నిండలేదు. ఈసారి ఆంజనేయులు ఏడ్చాడు. శవానికి నీళ్లు పోస్తూ, పాడె కడుతుంటే వెదుళ్లు పట్టుకొని, వాకిట్లో దొర్లి ఏడ్చాడు. కన్నకొడుకుకు రాని ఏడుపు కొట్టిన తండ్రికి వచ్చిందే అని ఆడవాళ్లు గుసగుసలాడారు. వాళ్లను నేను చెడామడా తిట్టాను. ఎవరికోసం ఏడుస్తున్నాడో విడదీసి చూపించమంటే వాడే చూపించలేడు, వీళ్లకెట్లా తెలుస్తుంది?

కాలువ గట్టు దగ్గర పాడె దించాం. నేను ఈసారి కూడా తల వైపే ఉన్నాను. బసవన్న ముందుకు వచ్చి, పోయినసారి జరిగింది గుర్తుండే కాబోలు, మెత్తగా చెప్పాడు.

"మీ యప్ప గదా ఆంజినేయా. పేరు పనిల్యా. అప్పా అను, సాలు. మూడుసార్లు."

ఆంజనేయులు మోకాళ్ల మీద కూర్చున్నాడు. తండ్రి ముఖం మీదికి జారిన బట్టను పక్కకు తీశాడు. చెవికి నోరు ఆనించాడు. గట్టిగా పిలుస్తాడని అందరూ ఎదురుచూస్తున్నారు. వాడు గొంతు ఎత్తలేదు. దగ్గరున్నాను కాబట్టి నాకు మాత్రమే వినబడింది.

"తప్పు నీది గాదప్పా" అన్నాడు.

మళ్లీ అదే మాట. మూడోసారి కూడా అదే మాట.

బసవన్నకు చెవులు సరిగ్గా వినబడవు. "పిలిసినాడా?" అని నన్ను అడిగాడు.

"పిలిసినాడు, ఎత్తండి" అన్నాను.